పెట్టుబడి ఎంత, గిట్టుబాటు ఎంత: ఒక్కడే కూర్చుని మొబైల్ గేమ్ చేసేవాళ్లకు అనంతపురం లెక్క

మా నాన్న బుడ్డలు (వేరుశనగ) విత్తే ముందు పాత క్యాలెండర్ కాగితం వెనక లెక్క రాస్తాడు. విత్తనాలకు ఇంత, దుక్కికి ఇంత, మందులకు ఇంత, కూలీలకు ఇంత. కింద అడ్డంగా ఒక గీత కొట్టి, మూట ఎంతకు అమ్మితే అసలు చేతికొస్తుందో రాస్తాడు. నేను మాత్రం నా మొదటి గేమ్‌కు ఆ గీత కొట్టలేదు. కమలానగర్‌లో అద్దె గదిలో ఎనిమిది నెలలు రాత్రిళ్లు మేలుకొని చేశా, 50 రూపాయలు ధర పెట్టా, కొన్నవాళ్లలో సగం మంది మా చుట్టాలే. తర్వాత ఉచితం చేసి అడుగడుగునా ప్రకటనలు కుక్కితే ఒక్క స్టార్ రివ్యూలు వచ్చాయి. రెండోది పులిమేక ఆట, పులిజూదం అని కూడా అంటారు, అదే మూడు పులులు పదిహేను మేకలు. దాన్ని లెక్క వేసుకుని చేశా. నేను నేర్చుకున్న వరసలోనే చెప్తున్నా, మీకు పనికొచ్చినంత తీసుకోండి.

1. ఐడియా పక్కన పెట్టి ముందు వెనక నుంచి లెక్క వెయ్యండి

తొలకరి పడగానే వజ్రకరూరు, తుగ్గలి చేలల్లో జనం వజ్రాల కోసం వంగి వంగి తిరుగుతుంటారు కదా. దొరికినవాడి కథ అందరికీ తెలుస్తుంది, పది రోజులు ఎండకు మాడి బస్సు ఛార్జీలు పోగొట్టుకున్నవాడి కథ ఎవడూ చెప్పుకోడు. గేమ్స్‌లో ఆ వజ్రం పేరు ఫ్లాపీ బర్డ్. వియత్నాంలో డోంగ్ న్యూయెన్ ఒక్కడే చేసి 2013లో వదిలాడు, 2014 మొదట్లో ఒక్కసారిగా పేలింది, ప్రకటనల మీద రోజుకు 50 వేల డాలర్లు వస్తున్నాయన్నాడు, ఫిబ్రవరిలో తనే స్టోర్ నుంచి తీసేశాడు. ఆ కథ విని ఉద్యోగం మానేసిన కుర్రాళ్లు నాకు తెలుసు. వజ్రాల లెక్క వద్దు, బుడ్డల లెక్క వేద్దాం.

నెలకు 25,000 కావాలి అనుకోండి. ప్రకటనల మీద బతకాలంటే వెయ్యిసార్లు ప్రకటన చూపిస్తే మీకెంత వస్తుందన్నదే మూలం. మన దేశపు ఆటగాళ్ల మీద వచ్చేది అమెరికా ఆటగాళ్ల మీద వచ్చేదానికంటే చాలా తక్కువ, కాబట్టి లెక్క కోసం వెయ్యికి 50 రూపాయలు పెట్టుకుందాం (ఇది ఊహ మాత్రమే, మీ డాష్‌బోర్డులో అసలు అంకె కనిపించగానే మార్చుకోండి). 25,000 రావాలంటే నెలకు 5 లక్షల ప్రకటనలు. ఒక ఆటగాడు రోజుకు మూడు చూస్తాడంటే, రోజూ దాదాపు 5,500 మంది ఆడాలి.

ఇక్కడిదాకా వచ్చి చాలామంది "ఐదు వేల మందే కదా" అని సంబరపడతారు. అసలు తిరకాసు తర్వాతే ఉంది. ఈరోజు దింపుకున్నవాడు రేపు ఉండడు. వంద మంది దింపుకుంటే మరుసటి రోజు 40, వారానికి 20, నెలకు 10 మంది మిగలాలన్నది ఈ రంగంలో ఎప్పటి నుంచో తిరుగుతున్న కొలత, చాలా గేములు దాని దరిదాపుల్లోకి కూడా రావు. సగటున ఒక్కొక్కడు నాలుగు రోజులు ఆడి తీసేస్తాడనుకుంటే, ఒక్క డౌన్‌లోడ్‌కు 12 ప్రకటనలు, అంటే 60 పైసలు. అక్షరాలా అరవై పైసలు. 25,000 కావాలంటే నెలనెలా దాదాపు 42 వేల మంది కొత్తవాళ్లు రావాలి, రోజుకు 1,400 మంది.

ఈ అరవై పైసల అంకెను గోడ మీద రాసి పెట్టుకోండి. "డబ్బులు పెట్టి ప్రమోషన్ చేద్దాం మామా" అని ఎవరైనా అన్నప్పుడు అదే కాపాడుతుంది. ఒక్కో డౌన్‌లోడ్ తేవడానికి 5 రూపాయలు ఖర్చయితే, వచ్చిన ప్రతి ఆటగాడి మీదా 4 రూపాయల 40 పైసలు పోతున్నట్టు. ఎంత ఎక్కువ మంది వస్తే అంత నష్టం. పెద్ద కంపెనీలు కొని తెచ్చుకోగలవు, ఎందుకంటే వాళ్ల ఆటలో ఒక్కో ఆటగాడు నెలల తరబడి ఉండి ఖర్చు పెడతాడు. మనం ఆ బరిలోకి దిగకూడదు.

ఇదే లెక్కలో "ప్రకటనలు తీసేయండి, 99 రూపాయలు" అని ఒక్క బటన్ కలపండి. స్టోర్ వాటా ఉంటుంది. గూగుల్ 2021 జులై నుంచి ఏడాదికి మొదటి పది లక్షల డాలర్ల దాకా 15 శాతమే తీసుకుంటోంది, ఆపిల్‌లో కూడా చిన్నవాళ్లకు అదే 15. పన్ను కూడా పోగా 70 రూపాయలు చేతికొస్తాయనుకుందాం. వందమందిలో ఒక్కడు కొన్నా, ఒక్కో డౌన్‌లోడ్‌కు 70 పైసలు కలిశాయి. అరవై పైసలు కాస్తా రూపాయి ముప్పై అయింది, కావాల్సిన కొత్తవాళ్లు 42 వేల నుంచి 19 వేల చిల్లరకు దిగారు. ఒక్క బటన్!

2. ఏ మాట ఇస్తున్నారో కోడ్ రాయకముందే తేల్చుకోండి

మా సందు చివర హోటల్‌లో ఉగ్గాని బజ్జి తింటే చట్నీ ఎన్నిసార్లు అడిగినా వేస్తారు. ఇంకో బజ్జి కావాలంటే డబ్బులివ్వాలి, ఎవరూ కిక్కురుమనరు. రేపట్నుంచి రెండోసారి చట్నీకి రెండు రూపాయలు అని బోర్డు పెట్టమనండి, సాయంత్రానికి పెద్ద గొడవ అవుతుంది. రెండు రూపాయలు లేక కాదు. చట్నీ ఉచితం అన్న మాట వాళ్ల మనసులో ఎప్పుడో పడిపోయింది.

ఆటగాళ్లూ అంతే. మాన్యుమెంట్ వ్యాలీ అని లండన్‌లో అస్‌టూ వాళ్లు 2014లో చేసిన గేమ్ ఉంది, చాలా అందమైనది, 4 డాలర్లు పెట్టి లక్షలమంది కొన్నారు. ఆ నవంబర్‌లో ఎనిమిది కొత్త లెవెల్స్ చేసి 1.99 డాలర్లకు ఇచ్చారు. కొత్తగా నెలల తరబడి పనిచేసి తెచ్చిన లెవెల్స్. అయినా "కొన్న గేమ్‌కు మళ్లీ డబ్బులా" అంటూ ఒక్క స్టార్ రివ్యూలు కురిపించారు. చేసినవాళ్లకు అది కొత్త బజ్జి, తిన్నవాళ్లకు చట్నీ.

అందుకని ఒక కాగితం తీసుకుని రెండు గళ్లు గీయండి. ఎప్పటికీ ఉచితంగా ఉండేవి ఒక వైపు, డబ్బులో ప్రకటనో అడిగేవి ఇంకో వైపు. నా పులిమేకలో ఫోన్‌తో ఆడటం, పక్కన కూర్చున్నవాడితో ఒకే ఫోన్ మీద ఆడటం ఉచితం, ఎన్నేళ్లయినా ఉచితమే. పోయిన ఎత్తు వెనక్కి తీసుకోవాలంటే ఒక ప్రకటన. రంగు బోర్డులు, ప్రకటనలు లేకపోవడం కొనుక్కోవాలి. ఉచితం గడిలో రాసింది తర్వాత డబ్బుల గడిలోకి జరపొద్దు. అటు నుంచి ఇటు జరిపితే దండం పెడతారు, ఇటు నుంచి అటు జరిపితే తిడతారు.

3. డబ్బు దారి

మూడు దారులు: ముందే ధర పెట్టి అమ్మడం, ప్రకటనలు, గేమ్ లోపల అమ్మకాలు (పైన చెప్పిన 99 రూపాయల బటన్ లాంటివి).

ముందే ధర పెట్టడం ఆండ్రాయిడ్ మీద, అందులోనూ మన దగ్గర, దాదాపు మూసుకుపోయిన దారి. ఆ మాన్యుమెంట్ వ్యాలీ వాళ్లే 2015 జనవరిలో బయటపెట్టారు: ఆండ్రాయిడ్‌లో ఇన్‌స్టాల్ అయినవాటిలో డబ్బు కట్టినవి 5 శాతమేనట, ఐఫోన్‌లో 40. ఆ తర్వాతి ఏడాది ఆల్టోస్ అడ్వెంచర్ అని, ఐఫోన్‌లో డబ్బులకు అమ్మిన గేమ్, ఆండ్రాయిడ్‌కు ప్రకటనలతో ఉచితంగా వచ్చింది. వాళ్లకే అలా ఉంటే నా 50 రూపాయల గేమ్ ఏ మూలకు?

ప్రకటనల్లో కూడా తేడా ఉంది. ఆడుతుంటే మీద పడేది ఒకటి, ఆటగాడే "సరే చూస్తా, నాకొక ఛాన్స్ ఇవ్వు" అని నొక్కేది ఒకటి. రెండోదాన్ని బాగా వాడి చూపించింది 2014 చివర్లో వచ్చిన క్రాసీ రోడ్, ఆస్ట్రేలియాలో చిన్న బృందం, తొంభై రోజుల్లో కోటి డాలర్లు వచ్చాయని వాళ్లే ప్రకటించారు. 2022 డిసెంబర్‌లో వాంపైర్ సర్వైవర్స్ అనే కంప్యూటర్ గేమ్ ఫోన్లలోకి వచ్చినప్పుడు కూడా ఉచితం, ప్రకటనలు ఆటగాడు అడిగితేనే. అప్పటికే దాన్ని చూసి కాపీలు కొట్టినవాళ్లు ఫోన్ స్టోర్లలో నిండిపోయారు, అది వేరే దుఃఖం.

ఇంకో దారి ఉందని మీ ఊళ్లో ఎవరో ఒకరు తప్పకుండా చెప్తారు: "పందెం పెట్టి ఆడేలా చెయ్యి, డబ్బులే డబ్బులు". ఆ జోలికి పోవద్దు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది, డబ్బు పందెం ఆటలు నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. పులిజూదంలో జూదం పేరులోనే ఉండాలి.

4. మూడు నెలల్లో ముగిసేంత చిన్నది

రోజుకు రెండు గంటలు, మూడు నెలలు. అంటే 180 గంటలు. మీ గంటకు ఎంతో ధర కట్టి, దాన్ని కూడా పెట్టుబడిలో రాయండి. మా నాన్న తన కూలీ ఎప్పుడూ రాయడు, అందుకే ఆయన లెక్కలో కూడా ఒక మోసం ఉంది.

ఇంజిన్ (గేమ్ కట్టే సాఫ్ట్‌వేర్) సంగతికొస్తే, ఎక్కువమంది వాడే యూనిటీ 2023 సెప్టెంబర్‌లో ఒక్కో ఇన్‌స్టాల్‌కు ఫీజు అంటూ ప్రకటించింది. పైన వేసిన అరవై పైసల లెక్క గుర్తుందా, అందులోంచి ఇన్‌స్టాల్‌కు ఇంత అని కోస్తే ఏం మిగులుతుందో ఊహించుకోండి. చిన్నవాళ్లు ఫీజు మొదలయ్యే హద్దుల కిందే ఉంటారని చెప్పినా ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది, సరిగ్గా ఏడాదికి ఆ ఫీజు ఎత్తేశారు. గోడో అనే ఇంకో ఇంజిన్ ఉచితం, దాని సోర్స్ కోడ్ కూడా మనదే అన్నట్టు. నేను గోడోకు మారింది మాత్రం ఒక్క మాట వల్ల: "చిక్కింది". పులి చిక్కినప్పుడు తెర మీద పడాల్సిన మాట. యూనిటీలో తెర మీద అక్షరాలు వేయడానికి మామూలుగా వాడే టెక్స్ట్‌మెష్ ప్రోలో అది "చిక్‌కింది" అని ఒత్తు విడిపోయి పడింది. రెండు రాత్రులు దాంతో కుస్తీ పట్టా. గోడో 4లో ఫాంట్ పెట్టగానే ఒత్తు దాని చోట అది కూర్చుంది. తెలుగులో గేమ్ చేయాలనుకుంటే మొదటి రోజే "స్త్రీ", "చిక్కింది", "లక్ష్యం" అని తెర మీద వేసి చూడండి, తర్వాత పని మొదలుపెట్టండి.

5. బస్టాండ్ పరీక్ష

స్నేహితులకు చూపిస్తే "సూపర్ మామా" అంటారు. ఆ మాటకు పైసా విలువ లేదు. నేను ఆర్టీసీ బస్టాండ్‌లో తాడిపత్రి బస్సు కోసం కూర్చున్న ఒక ఇంటర్ కుర్రాడికి ఫోన్ ఇచ్చి, నోరు మూసుకుని వాడి బొటనవేలు చూస్తూ కూర్చున్నా. నా లోగో వచ్చింది, వేలితో కొట్టాడు. ఆట చరిత్ర గురించి నేను ముచ్చటపడి రాసుకున్న నాలుగు తెరలు, టక టక టక టక, ఒక్క అక్షరం చదవలేదు. బోర్డు వచ్చింది. పులిని నొక్కి అలాగే లాగాడు. నా గేమ్‌లో లాగడం లేదు, నొక్కి మళ్లీ నొక్కాలి. మూడుసార్లు లాగి, "ఏమన్నా ఇది, హ్యాంగ్ అయిందా?" అని ఫోన్ తిరిగిచ్చేశాడు. ముప్పై సెకన్లు కూడా కాలేదు.

ఆ రాత్రే నాలుగు తెరలూ పీకేశా, లాగినా నడిచేలా చేశా. రెండు వారాల తర్వాత అదే బెంచీల దగ్గర ఇంకొకడికిచ్చా. వాడు బస్సొచ్చినా లేవలేదు, వాళ్లమ్మ కేకేస్తే లేచాడు. అప్పుడు నాకు నమ్మకం కుదిరింది. కనీసం పదిమందితో ఇలా చేయించండి, మధ్యలో ఒక్క మాట సాయం చేయొద్దు. ఎందుకంటే స్టోర్ నుంచి దింపుకున్నవాడి పక్కన మీరుండరు.

వాళ్ల ఫోన్లు కూడా గమనించండి. స్టోరేజీ నిండా గుడ్ మార్నింగ్ ఫోటోలు, పెళ్లి వీడియోలు. కొత్త గేమ్‌కు చోటు కావాలంటే ఏదో ఒకటి తీసేయాలి, తీసేసేది వాళ్ల మేనకోడలి డ్యాన్స్ వీడియోనైతే కాదు. సైజు పెరిగే కొద్దీ దింపుకునేవాళ్లు తగ్గుతారని, ప్రతి 6 ఎంబీకి దాదాపు ఒక శాతం పోతుందని 2017లో గూగులే చెప్పింది. నా మొదటి గేమ్‌లో ఒక్క పాటే 11 ఎంబీ ఉండేది, ఎవరూ వినని పాట.

నెట్ లేకుండా ఆడగలగాలి అన్నది మన ఆటగాళ్ల గట్టి కోరిక. ఊరు దాటితే సిగ్నల్ పోయే దారులు బోలెడు. కానీ నెట్ లేకపోతే ప్రకటన రాదు, ప్రకటన రాకపోతే మీ అరవై పైసలూ రావు. నెట్ ఆపేసి ఆడేవాళ్లను చూసి కొందరు నెట్ లేకపోతే గేమ్ తెరుచుకోకుండా చేస్తారు. నేను చేయను. నెట్ ఉన్నప్పుడు ఒక ప్రకటన ముందే దింపి ఉంచుతా. ఎత్తు వెనక్కి తీసుకోవడం లాంటి అదనపు సాయం మాత్రం నెట్ ఉంటేనే. ఆట ఆగదు.

క్రాష్‌ల గురించి ఒక్క మాట. ఆడేవాళ్లలో రోజుకు 1.09 శాతం కంటే ఎక్కువమందికి గేమ్ క్రాష్ అయినా, 0.47 శాతం కంటే ఎక్కువమందికి బిగుసుకుపోయినా ప్లే స్టోర్ మీ గేమ్‌ను తక్కువగా చూపిస్తుంది. పాత, చౌక ఫోన్ ఒకటి కొనుక్కుని అందులోనే పరీక్షించండి.

6. స్టోర్ తలుపు

గూగుల్‌కు 25 డాలర్లు, ఒక్కసారి. ఆపిల్‌కు ఏడాదికి 99 డాలర్లు, ప్రతి ఏడాదీ. మొదటి గేమ్‌కు ఐఫోన్ సంగతి మర్చిపోండి.

2023 నవంబర్ తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు ఇంకో మెట్టు ఉంది. గేమ్ బయటికి వదలాలంటే ముందు 12 మంది పరీక్షకులు వరసగా 14 రోజులు చేరి ఉండాలి (మొదట్లో 20 మంది అన్నారు, తర్వాత తగ్గించారు). పన్నెండు మందే కదా అని సరిగ్గా పన్నెండు మందినే పెట్టుకోవద్దు. నేను అదే చేశా, తొమ్మిదో రోజు మా పెద్దమ్మ కొడుకు ఫోన్ మార్చాడు. పద్దెనిమిది మందిని పెట్టుకోండి, వాట్సాప్ గ్రూపు పెట్టి రెండు రోజులకోసారి పలకరించండి.

ఇంకోటి, ఇది చాలామందికి తర్వాత తెలిసి కంగారు పడతారు: వ్యక్తిగత ఖాతాతో డబ్బు సంపాదిస్తే మీ పూర్తి చిరునామా స్టోర్‌లో అందరికీ కనిపిస్తుంది. ఇంటి డోర్ నంబర్ కనిపించడం ఇంట్లోవాళ్లకు ఇష్టమో కాదో ముందే అడగండి.

స్టోర్ పేజీలో పేరుకు 30 అక్షరాలు, చిన్న వివరణకు 80. తెలుగు పేజీ విడిగా పెట్టొచ్చు, పెట్టండి. కానీ వెతికేవాళ్లలో ఎక్కువమంది పులిమేక అని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు, ఆ మాట ఇంగ్లీషు పేజీ పేరులో ఉండేలా చూడండి. మొదటి స్క్రీన్‌షాట్ బోర్డుదే ఉండాలి, లోగోది కాదు.

7. ప్రకటనలు ఎక్కడ పెట్టాలి

ఆట మధ్యలో పెట్టొద్దు. ఇది నా సలహానే కాదు, 2022 సెప్టెంబర్ చివర నుంచి ప్లే స్టోర్ నియమం కూడా: ఆడుతుండగానో, లెవెల్ మొదలవగానో అనుకోకుండా తెరంతా కమ్మేసే ప్రకటన రాకూడదు, 15 సెకన్ల తర్వాత కూడా మూయలేనిది ఉండకూడదు. నేను రెండు ఆటలు ముగిశాక ఒకటి వేస్తా, ఓడిపోయిన వెంటనే వేయను. ఓడినవాడు అప్పటికే మంట మీద ఉంటాడు.

మీ ప్రకటన మీద మీరు నొక్కొద్దు, మీ తమ్ముడితో నొక్కించొద్దు. నా క్లాస్‌మేట్ ఒకడు హాస్టల్ గ్రూపులో "అందరూ రోజుకు పదిసార్లు నొక్కండి" అని మెసేజ్ పెట్టాడు. వారంలో ఖాతా పోయింది, అందులో ఉన్న డబ్బూ పోయింది. తయారు చేసేటప్పుడు పరీక్ష ప్రకటనలే వాడండి.

8. రివ్యూలు

గెలిచిన వెంటనే రేటింగ్ అడగండి, మూడో గెలుపు తర్వాతైతే ఇంకా మంచిది. కానీ "ఐదు స్టార్లు ఇస్తే ఐదు నాణేలు" అనొద్దు, అది నియమాలకు విరుద్ధం. జవాబుకు 350 అక్షరాలే చోటు ఉంటుంది, కాబట్టి వాదన పెట్టుకునే వీలు కూడా లేదు, అదే మంచిది. "పులి మోసం చేస్తోంది" అని ఒకాయన రాశాడు. ముందు నవ్వొచ్చింది. తర్వాత చూస్తే నిజమే, మూల గడి నుంచి దూకకూడని చోట దూకుతోంది. సరిచేసి "మీరు చెప్పింది నిజం, కొత్త వెర్షన్‌లో సరిచేశాం" అని రాస్తే ఒక్క స్టార్ నాలుగయింది.

9. డబ్బు బ్యాంకులో పడేదాకా

గూగుల్ ప్రకటనల ఖాతా (యాడ్‌మాబ్)లో 10 డాలర్లు చేరగానే చిరునామా రుజువు కోసం పోస్టులో ఒక పిన్ వస్తుంది. నేను పాత గది చిరునామా మార్చడం మర్చిపోయా, ఆ కవరు ఏ బీరువా మీద పడుందో ఇప్పటికీ తెలీదు. 100 డాలర్లు దాటితేనే చెల్లింపు, అది కూడా తర్వాతి నెల 21 నుంచి 26 లోపు. 100 డాలర్లు అంటే మన లెక్కలో ఎన్ని డౌన్‌లోడ్లో వేసుకోండి, మొదటి చెల్లింపుకు నెలలు పట్టినా టెన్షన్ పడరు. ఖాతాలో పన్ను వివరాల ఫారం నింపండి, జీఎస్టీ సంగతి ఒక సీఏని కూర్చోబెట్టి అడగండి. ఆయనకిచ్చే ఫీజు కూడా పెట్టుబడే.

10. ఎక్కడ ఆపాలి

విడుదలైన 90 రోజులకు మళ్లీ అదే కాగితం తీయండి. ఊహించి రాసిన ప్రతి అంకె పక్కన అసలు అంకె రాయండి: వెయ్యి ప్రకటనలకు ఎంత, ఒక్కొక్కడు ఎన్ని రోజులు ఆడాడు, వందలో ఎందరు కొన్నారు. ఆడిన రోజులు తక్కువైతే ఆటలో లోపం, దాన్ని బాగుచేయొచ్చు. ఆడినవాళ్లు ఉంటున్నారు, కానీ కొత్తవాళ్లు రావడం లేదంటే స్టోర్ పేజీలో లోపం, ఐకాన్, స్క్రీన్‌షాట్లు మార్చి చూడండి. రెండూ బాలేకపోతే ఆ గేమ్ మీద కొత్త పని ఆపేయండి. ఆపినా ఖర్చు పూర్తిగా ఆగదు. కొత్త ఆండ్రాయిడ్‌కు తగ్గట్టు గేమ్‌ను మార్చడానికి సాధారణంగా ఏటా ఆగస్టు 31 గడువు ఉంటుంది, దానికి రెండు మూడు రోజులు పక్కన పెట్టుకోవాలి. గేమ్‌ను సంతకం చేసే (అది మీదేనని రుజువు చేసే) కీ ఫైల్‌ను ఇంకో రెండు చోట్ల దాచండి, ల్యాప్‌టాప్ పాడైతే దానికోసం పడే తిప్పలు అన్నీ ఇన్నీ కావు.

నా పులిమేక మొదటి 90 రోజుల్లో నాకు జీతం ఇవ్వలేదు, పెట్టుబడి కాగితంలో నా గంటలు తీసేస్తే మిగతాది తిరిగొచ్చింది. బోర్డు, ఎత్తులు వెనక్కి తీసుకోవడం, ప్రకటనలు, కొనుగోలు బటన్, అన్నీ అదే కోడ్‌తో ఇప్పుడు దాడి ఆట కడుతున్నా. గీతలు మారాయి, కాయలు మారాయి. ఈసారి మూడు నెలలు కాదు, ఐదు వారాలని రాసుకున్నా.